సంక్రాంతి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లల మారిషస్ యాత్ర: పంపవచ్చా?

మువ్వలవానిపాలెం అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి విశాఖపట్నం నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో ఆరు రోజుల పాటు పిల్లలను మారిషస్ తీసుకువెళ్తామని, ఒక్కొక్కరికి 1,38,000 రూపాయలు అవుతుందని, నెలాఖరులోగా సగం సొమ్ము కట్టాలని మొన్న సోమవారం సర్క్యులర్ పంపారు. నలభై మంది పిల్లలకు ముగ్గురు ఉపాధ్యాయులు తోడుగా వెళ్తారట. కార్యక్రమంలో ఒక రోజు ద్వీపంలో పారాసెయిలింగ్, ఒక రోజు సముద్రం అడుగున నడక, ఒక రోజు షమరెల్ రంగుల నేల, ఒక పూట షాపింగ్ మాల్ అని ఉంది. దీనిని విద్యాయాత్ర అని పేర్కొన్నారు కానీ, విద్య ఏ పూట ఉందో నాకు కనిపించలేదు. అమ్మాయికి వెళ్లాలని ఎంతో కోరికగా ఉంది. మావారు ఓడరేవులో ఉద్యోగం చేస్తారు. డబ్బు సర్దుబాటు చేయగలం కానీ సులువుగా కాదు. అక్కడికి వెళ్లివచ్చినవారు, పిల్లలను ఇలా పంపినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

గాజువాక నాన్న:
అమ్మా, మీరు సర్దుబాటు చేయగలరు కాబట్టి అడుగుతున్నారు. మా అబ్బాయి తరగతిలో నిరుడు ఇలాంటి యాత్రే వేశారు. అరవై మందిలో ఇరవై రెండు మంది వెళ్లారు. మిగిలినవారికి ఆ వారం తరగతులు పేరుకు జరిగాయి కానీ ఉపాధ్యాయులే సగం మంది లేరు. వెళ్లివచ్చిన పిల్లలు నెల రోజులు అవే కబుర్లు చెప్పుకుంటుంటే, వెళ్లనివారు మధ్యాహ్నం అన్నం వేరే బల్ల దగ్గర తినడం మొదలుపెట్టారని మావాడు చెప్పాడు. సర్క్యులర్‌లో ‘ఐచ్ఛికం’ అని రాసినంత మాత్రాన పదమూడేళ్ల పిల్లవాడికి అది ఐచ్ఛికం కాదు. నేను పంపలేదు. పంపకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు, కానీ ఆ నెల ఇంట్లో వాడి ముఖం చూడటం తేలిక కాలేదు.

విశ్రాంత భూగోళం మాస్టారు:
డబ్బు సంగతి తల్లిదండ్రులు తేల్చుకోవలసినది. నాకు అంతకన్నా పెద్ద అభ్యంతరం తేదీల మీద ఉంది. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన, ఇంచుమించు 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మనకు చలికాలమైన జనవరి వారికి నడి వేసవి, దానితో పాటు తుపానుల కాలం. అక్కడ తుపానులు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి, వాటిలోనూ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే గడ్డువి. 2024లో బెలాల్ అనే తుపాను జనవరి 15న ఆ ద్వీపాన్ని తాకినప్పుడు, రాజధాని పోర్ట్ లూయీ వీధుల్లో వరద నీటికి కార్లు ఒకదాని మీదికొకటి కొట్టుకుపోయాయి, విమానాశ్రయం మూతపడింది. ఆ రోజు మనకు సంక్రాంతి. ఈ పాఠశాలవారు పిల్లలను తీసుకువెళ్తామంటున్నది సరిగ్గా ఆ వారంలోనే.

అక్కడివారు తుపానుకు కొత్తవారు కారు. 1960లో కెరోల్ అనే తుపాను వేలాది రేకుల ఇళ్లను, చెక్క ఇళ్లను తుడిచిపెట్టిన తరువాత వారు కాంక్రీటు ఇళ్లకు మళ్లారు. హెచ్చరికలను ఒకటి నుంచి నాలుగు తరగతులుగా ప్రకటిస్తారు. నాలుగో తరగతి హెచ్చరిక ఉన్నంతసేపు ఎవరూ ఇల్లు దాటి బయటకు రాకూడదు. కాబట్టి పిల్లల ప్రాణానికి ప్రమాదం అని నేను భయపెట్టడం లేదు. నలభై మంది పిల్లలు హోటల్ గదుల్లో రెండు మూడు రోజులు తలుపులు బిగించుకుని కూర్చోవలసి వస్తే, తిరుగు విమానం రద్దయితే, అదనపు బసకు ఎవరు డబ్బు కడతారు, ముగ్గురు ఉపాధ్యాయులు వారిని ఎలా సముదాయిస్తారు అన్నవి సర్క్యులర్‌లో ఉండవలసిన విషయాలు. ఆ కాగితంలో ‘వాతావరణం’ అనే మాట ఒక్కసారైనా ఉందా అమ్మా?

మువ్వలవానిపాలెం అమ్మ:
లేదు మాస్టారూ. ‘ఆహ్లాదకరమైన ఉష్ణమండల వాతావరణం’ అని మాత్రం ఉంది.

సీతమ్మధార సుబ్బారావు:
దసరా సెలవుల్లో పెట్టుకోమని అడగవచ్చు కదా? అయితే మనవైపు తుపాను కాలం అప్పుడే మొదలవుతుంది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. మన విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు.

విశ్రాంత భూగోళం మాస్టారు:
సుబ్బారావు గారి మాట నిజమే. కానీ బయలుదేరే రోజు ఇక్కడ తుపాను వస్తే పిల్లలు తమ ఇళ్లలో తమ మంచాల మీద ఉంటారు, ప్రయాణం వాయిదా పడుతుంది. అక్కడ తుపాను వస్తే పరాయి దేశంలో చిక్కుకుంటారు. రెండూ ఒకటి కావు. పైగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ వానలు తక్కువ, ఎండ తీవ్రత కూడా తక్కువ. సముద్రపు నీరు కాస్త చల్లగా ఉంటుందేమో గానీ పిల్లలు దానిని లెక్కచేయరు.

ఒక చిన్న పాఠం కూడా చెప్పనివ్వండి, వృత్తి అలవాటు పోలేదు. దసరా రోజుల్లో మిట్టమధ్యాహ్నం మన వీధిలో ఒక కర్ర నిలబెడితే దాని నీడ ఉత్తరానికి పడుతుంది. అదే కర్రను అదే వారంలో మారిషస్‌లో నిలబెడితే నీడ దక్షిణానికి పడుతుంది, ఎందుకంటే వారికి ఆ సమయంలో సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో నడుస్తాడు. చందమామ కూడా మనం చూసేదానికి తలకిందులుగా కనిపిస్తాడు. తుపాను సుడి మనవైపు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరిగితే అక్కడ ముల్లు దిశలోనే తిరుగుతుంది. ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పిన వాటిని ఒక మీటరు కర్రతో కళ్లారా చూపించవచ్చు. దీనికి పారాసెయిలింగ్‌కు అయ్యే ఖర్చులో పైసా కూడా కాదు.

మర్రిపాలెం పత్రాల సహాయకుడు:
పత్రాల గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను. పిల్లలకు పాస్‌పోర్టు ఐదేళ్లకు లేదా పద్దెనిమిదేళ్లు నిండేవరకు, ఏది ముందైతే అంతవరకు ఇస్తారు. తల్లిదండ్రులిద్దరూ అనుబంధం ‘డి’ అనే సమ్మతి ప్రకటన మీద సంతకం చేయాలి. చాలామంది దగ్గర ఆగిపోయేది పేరు దగ్గరే: జనన ధృవపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బడి రికార్డులో అసలు లేకుండా ఉంటుంది. బిర్లా జంక్షన్ దగ్గరి సేవా కేంద్రానికి వెళ్లే ముందే ఈ మూడింటినీ ఒకటిగా సరిచేయించుకోండి. అక్కడికి వెళ్లాక తెలుసుకుంటే మరో నెల పోతుంది.

మారిషస్‌కు భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు, దిగిన తరువాత రుసుము లేకుండా అనుమతిస్తారు. అయితే తిరుగు టికెట్టు, బస ఏర్పాటు చూపించాలి, ప్రయాణానికి ముందు వారి అంతర్జాల పత్రం నింపాలి. తల్లిదండ్రులు తోడు లేని పిల్లలు కాబట్టి, ఎవరి వెంట పంపుతున్నారో ఆ ఉపాధ్యాయుల పేరు, పాస్‌పోర్టు సంఖ్యతో సమ్మతి పత్రం రాసి నోటరీ చేయించి ఇవ్వడం మంచిది. ఏజెంటు చూసుకుంటాడని వదిలేయకండి.

మూడేళ్లు మోకాలో ఉన్నవాణ్ని:
నేను పుట్టి పెరిగినది భీమునిపట్నం. ఉద్యోగరీత్యా మూడేళ్లు మారిషస్‌లోని మోకా అనే ఊరిలో ఉన్నాను. ఈ చర్చ చదువుతుంటే ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మీ పాఠశాలవారి కార్యక్రమంలో పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసి ఘాట్, అంటే మన దేశపు కూలీలు మొదట దిగిన వలస కేంద్రం, లేదు. మన జిల్లా పిల్లలను ఆ దేశం తీసుకువెళ్లి ఆ చోటు చూపించకుండా తీసుకురావడం, సింహాచలం వెళ్లి కొండ కిందే టిఫిను తిని తిరిగిరావడం లాంటిది.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక, మారిషస్ చెరకు తోటల యజమానులు 1834 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందాల మీద రప్పించుకున్నారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. ఆ తరువాతి దశాబ్దాల్లో నాలుగున్నర లక్షల మందికి పైగా ఆ రేవులో దిగారు. బీహారు, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవారు, తమిళులు, మరాఠీలతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారూ ఉన్నారు. 1849లో కట్టడం మొదలుపెట్టిన ఆ వలస కేంద్రంలో మిగిలిన రాతి గోడలను, రేవు మెట్లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ మెట్లు ఎక్కినవారిని అక్కడ రెండు రోజులు ఉంచి, లెక్క రాసుకుని, తోటలకు పంపేవారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ రిజిస్టర్లు ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చలు వంటి గుర్తులు వాటిలో రాసి ఉంటాయి. తెలుగు పేర్లను తెలుగు తెలియని గుమాస్తాలు ఆంగ్ల అక్షరాల్లో తమ చెవికి వినబడినట్టు రాశారు. అందువల్ల మన అప్పడు, నాయుడు అన్న పేర్ల చివర దీర్ఘాలు చేరి అవే ఇంటిపేర్లుగా స్థిరపడిపోయాయి.

తెలుగువారిని అక్కడ ‘కోరంగులు’ అని పిలిచేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చిన పేరు అది. కోరంగిని 1839 నాటి తుపాను నాశనం చేసింది. ఇక్కడ రేవు పోయింది గానీ సముద్రానికి అవతల దాని పేరు ఒక జాతికి నిలిచింది. ఈనాటికీ అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు నేర్పుతారు, ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. వారు చేసుకునే పండుగల్లో రామభజనం ఉంది, అమ్మోరు పండుగ ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది. ఆ పూజకు నన్ను మొదటిసారి పిలిచినప్పుడు నేను నమ్మలేదు. మన అప్పన్నను ఐదు వేల కిలోమీటర్ల దూరంలో, ఐదారు తరాల కిందట ఇక్కడి నుంచి వెళ్లినవారు తమవాడిగా కొలుస్తున్నారు. వారిలో చాలామందికి మాట్లాడే భాష క్రియోల్. తెలుగు పాటల్లో, మంత్రాల్లో, పేర్లలో మిగిలింది. మన పిల్లలు వెళ్లి గడగడా తెలుగులో మాట్లాడితే వారికి సగమే అర్థమవుతుంది. ఆ సగం ఎందుకు పోయిందో అడగడమే ఒక రోజు పాఠం.

గాజువాక నాన్న:
చదువుతుంటే ఒళ్లు పులకరించింది, కాదనను. కానీ తొమ్మిదో తరగతి పిల్లలు రిజిస్టర్లు చూడటానికి వెళ్తారా? వారికి కావలసినది మీరు వద్దంటున్న పారాసెయిలింగే. అంత ఖర్చు లేకుండా ద్వీపం చూపించాలంటే అండమాన్ ఉంది. మన రేవు నుంచే అప్పుడప్పుడు ఓడ కూడా వెళ్తుంది. పగడపు దిబ్బలూ ఉన్నాయి, సెల్యులార్ జైలూ ఉంది, పాస్‌పోర్టు అక్కరలేదు.

మూడేళ్లు మోకాలో ఉన్నవాణ్ని:
అండమాన్ మంచి ఆలోచనే, నాకు అభ్యంతరం లేదు. అయితే ఓడలో వెళ్లడానికే రెండు రోజులకు పైగా పడుతుంది, అదీ ఓడ తేదీలు బడి సెలవులతో కుదిరితే. ఇక పిల్లలకు ఏది కావాలో మనం ముందే నిర్ణయించేస్తున్నామేమో. చెరకు తోట మధ్య నల్లరాళ్ల గుట్టలు చూపించి, ఈ రాళ్లన్నీ పొలం దున్నేందుకు వీలుగా కూలీలు చేతులతో ఏరి పోసినవి అని చెబితే, మా ఇంటికి వచ్చిన పన్నెండేళ్ల మేనల్లుడు అరగంట సేపు ఆ గుట్ట చుట్టూ తిరిగాడు. వాడు అంతసేపు ఫోను తీయకపోవడం నేను అంతకుముందు చూడలేదు.

పెదవాల్తేరు ఈత శిక్షకుడు:
సముద్రం గురించి నాలుగు మాటలు. మన పిల్లలు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినా పదిమందిలో ఇద్దరికి ఈత వస్తే ఎక్కువ. ఆర్కే బీచ్‌లో కెరటాల భయం వల్ల మోకాలి లోతు దాటనివ్వము, అది సబబే. మారిషస్ చుట్టూ చాలా వరకు పగడపు కట్ట ఉంటుంది. పెద్ద కెరటాలు ఆ కట్ట మీదే విరిగిపోతాయి, లోపలి నీరు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. అందుకే అక్కడ పిల్లలను దించడం మన దగ్గరకన్నా సురక్షితమే. కానీ మూడు చోట్ల జాగ్రత్త పడాలి. కట్టలో అక్కడక్కడా గండ్లు ఉంటాయి. పాటు సమయంలో లోపలి నీరంతా ఆ గండ్ల గుండా వేగంగా బయటకు లాగుతుంది, మంచి ఈతగాడు కూడా దానికి ఎదురు రాలేడు. దక్షిణ తీరంలో గ్రి గ్రి అనే చోట పగడపు కట్టే లేదు. చూడటానికి అద్భుతమే గానీ నీళ్లలో దిగకూడదు. మూడోది, అడుగున సముద్రపు ముళ్ల ఉండలు, రాయిలా కనిపించే విషపు చేప ఉంటాయి కాబట్టి రబ్బరు చెప్పులు లేకుండా అడుగు పెట్టకూడదు. ఆ చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

బీమా పత్రం చదివారా? చాలా ప్రయాణ బీమాలు సాహస క్రీడలకు వర్తించవు. పారాసెయిలింగ్, సముద్రపు అడుగున నడక అందులోకి వస్తాయో రావో రాతపూర్వకంగా అడగండి. నీళ్లలో పిల్లలు ఉన్న ప్రతి పూటా ఒడ్డున ఈత వచ్చిన పెద్దవారు ఎంతమంది ఉంటారో కూడా. ముగ్గురు ఉపాధ్యాయుల్లో ఎవరికి ఈత వచ్చు?

గాజువాక నాన్న:
డబ్బు కట్టే విషయంలో మా బంధువుల అనుభవం ఒకటి చెబుతాను, పేర్లు వద్దు. వేరే దేశం యాత్రకు వారి అమ్మాయి పేరు ఇచ్చి ముందుగా సగం కట్టారు. ప్రయాణానికి పదిహేను రోజుల ముందు పిల్లకు డెంగీ వచ్చింది. వైద్యుని పత్రం ఇచ్చినా ఏజెంటు నుంచి రూపాయి వెనక్కి రాలేదు. పాఠశాలవారు ‘ఒప్పందం మీకూ ఏజెంటుకూ మధ్యది’ అన్నారు, ఏజెంటు ‘మేము పాఠశాలతోనే మాట్లాడుతాం’ అన్నాడు. కాబట్టి ఏ తేదీకి మానుకుంటే ఎంత తిరిగివస్తుందో కాగితం మీద రాయించుకోండి. విదేశీ యాత్రా ప్యాకేజీల మీద మూలంలోనే పన్ను కూడా వసూలు చేస్తారు. రసీదు తల్లిదండ్రుల పాన్ సంఖ్య మీద ఉంటేనే రిటర్నులో దానిని తిరిగి పొందవచ్చు. పాఠశాల పేరు మీద గుత్తగా కట్టేస్తే ఆ సొమ్ము మరచిపోవలసిందే.

మువ్వలవానిపాలెం అమ్మ:
మూడు వారాలుగా ఇక్కడ రాయలేదు, మన్నించండి. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని మరో పదకొండు మంది తల్లిదండ్రులతో కలిసి ప్రిన్సిపాల్ గారిని కలిశాం. మొదట కొంచెం చిరాకు పడ్డారు. మాస్టారు చెప్పిన జనవరి 15 సంగతి ఎత్తగానే ఏజెంటుకు ఫోను చేశారు. అతను ‘ప్రతి ఏడాదీ రాదు కదండీ’ అన్నాడు. స్పీకరులో ఆ మాట అందరం విన్నాం. ఆ తరువాత చర్చ తేలికైంది.

యాత్రను దసరా సెలవులకు మార్చారు. షాపింగ్ మాల్ పూట తీసివేసి ఆప్రవాసి ఘాట్ పెట్టారు, మోకా సంస్థకు అనుమతి కోసం ఉత్తరం రాశారు, జవాబు ఇంకా రాలేదు. సముద్రపు అడుగున నడక బీమాలో లేదని తేలడంతో దానిని తొలగించారు. పారాసెయిలింగ్ మాత్రం తల్లిదండ్రులు విడిగా సంతకం చేసినవారికే ఉంటుంది. నాలుగో తోడుగా ఈత వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయిని వస్తున్నారు. సొమ్ము వాపసు తేదీలను రాసి ఇచ్చారు. అవి మాకు పూర్తిగా నచ్చలేదు గానీ అసలు లేనిదానికన్నా నయం.

గాజువాక అన్నయ్య గారి మాట నన్ను నిలవనివ్వలేదు. వెళ్లేది ముప్ఫై ఒక్క మంది, తరగతి మొత్తం తొంభై నాలుగు మంది. అందుకని యాత్రకు ముందే ఒక శనివారం తొంభై నాలుగు మందినీ బస్సుల్లో కోరంగి తీసుకువెళ్లాలని అడిగాం. అక్కడ ఇప్పుడు మడ అడవి, చెక్క వంతెన ఉన్నాయి. మడ చెట్లు తుపాను కెరటాన్ని ఎలా ఆపుతాయో జీవశాస్త్రం ఉపాధ్యాయులు చెబుతారు, కోరంగి పేరు మారిషస్ ఎలా చేరిందో సాంఘికశాస్త్రం వారు చెబుతారు. బస్సుల ఖర్చు పాఠశాల భరించడానికి ఒప్పుకుంది. దసరా వారంలో మిట్టమధ్యాహ్నం నీడ కొలిచే పని రెండు చోట్లా జరుగుతుంది. ఇక్కడ ఉన్నవారు ఇక్కడి కొలత పంపితేనే అక్కడివారి లెక్క పూర్తవుతుంది.

గాజువాక నాన్న:
అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనుక నడుస్తుంది, నీడ కొలిచేటప్పుడు గుర్తుపెట్టుకోమనండి. కోరంగి బస్సులో పెద్దవారికి చోటుంటే మావాడిని తీసుకుని నేను కూడా వస్తాను. వేరే బడి పిల్లవాడని కాదనరు కదా?

విశ్రాంత భూగోళం మాస్టారు:
చిన్న సవరణ. గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకొకసారి నేల మీద గుర్తు పెట్టుకుంటూ పోతే అది ఎప్పుడో తెలుస్తుంది. రెండు చోట్లా మీటరు కర్రే వాడమనండి.

మువ్వలవానిపాలెం అమ్మ:
తప్పకుండా రండి అన్నయ్య గారూ, అడిగి చెబుతాను. మాస్టారూ, కర్రల సంగతి వ్యాయామ ఉపాధ్యాయినికి అప్పగించాను. చివరిగా ఒక్క సందేహం. మా అత్తగారు ఆవకాయ, పచ్చి కరివేపాకు, రెండు జామకాయలు కట్టి ఇస్తానంటున్నారు. పంపవచ్చా?

మూడేళ్లు మోకాలో ఉన్నవాణ్ని:
ఆవకాయ సీలు వేసిన డబ్బాలో, చేతి సంచిలో కాకుండా చెక్ఇన్ పెట్టెలో పెట్టండి. కరివేపాకు, జామకాయలు వద్దు. మొక్కలకు, పళ్లకు సంబంధించినవి ముందస్తు అనుమతి లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు. పిల్ల ఆకలితో ఉంటుందని అత్తగారిని బెంగపడవద్దనండి. అక్కడ వీధుల్లో ధోల్ పూరీ అని శనగపప్పు పూర్ణంతో చేసిన మెత్తటి రొట్టె అమ్ముతారు, తియ్యగా ఉండదు, కూరతో చుట్టి ఇస్తారు. మన బొబ్బట్టుకు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఫోను ఛార్జరుకు మాత్రం లావు పలకల మూడు పిన్నుల అడాప్టరు కొనండి, మన ప్లగ్గు అక్కడ చాలాచోట్ల పట్టదు.